బొట్టు చాటు ముల్లు

జయరామయ్య గారి కారులో మైళ్ళ ముల్లు కాక ఇంకా నాలుగు ముళ్ళు ఉండేవి. నాలుగు గుండ్రటి అద్దాలు, ఒక్కో అద్దం వెనక ఒక్కో ముల్లు. అరవై ఒకటిలో మాట ఇది. కారు అమెరికాది, నల్లది. బుచ్చిరెడ్డిపాలెంలో వడ్లకొట్టం పక్కన దానికొక షెడ్డు కట్టించినారు. నేను ఆ కారుకి డ్రైవరుని.

పొద్దున్నే షెడ్డు తలుపు తీసి, కారెక్కి తాళం తిప్పేవాడిని. ఇంజను స్టార్టు చేసేవాడిని కాదు. ఉత్తగా తాళం తిప్పి కూర్చునేవాడిని. పెట్రోలు ముల్లు ఒళ్ళు విరుచుకొని మెల్లగా పైకి పోయేది. కరెంటు ముల్లు ఎడంపక్కకి రవ్వంత వాలి, అట్టే నిలబడేది. ఆయిలు ముల్లు కదిలేది కాదు, ఇంజను పలికితే గాని లేవనని మొండికేసే రకం. వేడి ముల్లుకి తాళంతో పనే లేదు. కారు ఆపినాక కూడా కాసేపు పైకే పోయేది, మిగతావన్నీ పడుకున్నా ఇంజను చల్లారేదాకా మేలుకోనుండేది. షెడ్డులో వడ్ల దుమ్ము, కిటికీలోంచి ఒక పట్టె వెలుగు. ఆ వెలుగులో నాలుగు ముళ్ళనీ చూస్తా కూర్చుంటే నాకు ఇంకేం తోచేది కాదు.

నేను బడికి పోయింది మూడేళ్ళు. అద్దాల మీదుండేవి ఇంగ్లీషు అక్షరాలు, అవి నాకు రావు. నాకు కారు నేర్పింది హజరత్తయ్య. నాకు ముందు ఆయనే ఆ కారు నడిపేవాడు. కళ్ళు మసకేసి మానుకున్నాడు. మానుకునే రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకొని ఒక్కో అద్దం మీదా వేలితో తట్టి చెప్పినాడు.

"మైళ్ళ ముల్లు ఇరవై దాటేదాకా కుక్కతోక మాదిరి ఊగతాది, దాన్ని నమ్మబాక. పెట్రోలు ముల్లుని అసలే నమ్మబాక. గట్టెక్కితే ఒకటి చెప్తాది, గట్టు దిగితే ఒకటి చెప్తాది. కరెంటు ముల్లు పిరికిది, హారను కొట్టినా ఉలిక్కిపడతాది. ఆయిలు ముల్లు మంచిదే గాని ఎండెక్కేకొద్దీ నీరసం. వేడి ముల్లు ఒక్కటే అబద్ధం చెప్పదు. దాన్ని చూసుకోరా గంగాధరం, చాలు."

పెట్రోలు ముల్లు సంగతి అయ్యగారికీ తెలుసు. షెడ్డు నేల వాలుగా ఉండాది. కారుని వెనక్కి తిప్పి పెడితే ముల్లు సగం నుంచి ముప్పాతికకి పోతాది. ఇంటికి చుట్టాలొస్తే అయ్యగారు వాళ్ళని షెడ్డుకి పిలుచుకొచ్చి, "చూడు బావా, మాది పాడిబర్రె. తిప్పి కట్టేస్తే పాలు చేపతాది" అనేవాడు. చుట్టాలు నోరు తెరుచుకొని చూసేవాళ్ళు.

ఈ అద్దాలకి బొట్లు ఉండేవి. అమ్మగారు, అంటే జయరామయ్య గారి భార్య వెంకటశేషమ్మ గారు, శుక్రవారం శుక్రవారం పసుపు కుంకుమ ఆముదంలో కలుపుకొచ్చి పెట్టేది. కారు ముక్కు మీద ఒకటి, చక్రాలకి నాలుగు, లోపల అద్దాలకి నాలుగు. "అవి దాని కళ్ళురా. కళ్ళకి దిష్టి తగలకూడదు" అనేది. పొర మీద పొర పడి, వేడి ముల్లు అద్దం మీది బొట్టు అర్ధణా కాసంత అయింది. సరిగ్గా నడిమిన. చేరిన కొత్తల్లో తెలియక ఒకసారి తడిగుడ్డతో తుడిచేసినా. ఆ వారమే అయ్యగారికి చలిజ్వరం. ఇంక ఆ ఇంట్లో బొట్టు చెరిపే వాళ్ళెవరు? నేనూ చుట్టూ దుమ్ము తుడిచి బొట్టు వదిలేసేవాడిని.

పోను పోను ఆ బొట్టే నాకు అక్షరం అయింది. ఇంజను తగినంత కాగి హాయిగా నడిచేటప్పుడు వేడి ముల్లు నడిమిన నిలబడతాది. అంటే బొట్టు చాటున. కనపడదు. కనపడలేదంటే క్షేమం. ఎడంపక్కన కనపడితే ఇంకా కాగలేదు. కుడిపక్కన కొన కనపడితే కారు ఆపు, నీళ్ళు చూడు. రెండేళ్ళు అట్టే నడిపినా. నెల్లూరు, గూడూరు, మద్రాసు దాకా కూడా పోయొచ్చినా. ముల్లు బొట్టు చాటున ఉంటే నాకు అమ్మ కొంగు చాటున ఉన్నట్టు ఉండేది.

మాఘ పౌర్ణమికి మూడు రోజుల ముందు మా నాయన పోలేరయ్య వచ్చినాడు.

మాది ఉప్పుటేరు సముద్రంలో కలిసే కాడ పల్లెపాలెం. నాయన నడిచి, బస్సెక్కి, మళ్ళా నడిచి వచ్చినాడు. ఒంట్లో ఉప్పువాసన. షెడ్డు అరుగు మీద కూర్చొని, మొలలోనుంచి ఒక బెండు తీసి నాకు చూపించినాడు. వల తేలడానికి కట్టే తేలిక చెక్క. కొత్తది, బొటనవేలు లావుంటాది. దాని మీద మూడు గాట్లు, పక్కన ఒక గుంట.

"నీ పేరున పెద్దలు గాటు పెట్టిచ్చినారు" అన్నాడు.

మా ఊళ్ళో ఏటికి గెడలు నాటి పాళ్ళు చేస్తారు. రెండు గెడల నడిమి నీళ్ళు ఒక పాలు. ఏడాదికొకసారి మాఘ పౌర్ణమి నాడు, పొద్దు నడినెత్తికి వచ్చే లోపల, పాలున్న ప్రతి మనిషీ తన బెండు కుండలో వేస్తాడు. నాగులమ్మవ్వ కళ్ళు మూసుకొని ఒక్కో బెండూ తీస్తాది. ఎవరి బెండు ఎన్నోది వస్తే ఆ ఏడు వాళ్ళకి ఆ నీళ్ళు. బెండు వేసినవాడు తన చేతులతో వల వెయ్యాల, ఊళ్ళోనే ఉండాల. వెయ్యనివాడి పాలు ఊరిది అయిపోతాది. మళ్ళా అడగడానికి లేదు. నాకు ఇరవై నాలుగు నిండినాయి. ఆ ఏడు నా వంతు వచ్చింది.

నాకు ఆ పాలు వద్దు. నాకు కారు కావాల. ఆ మాట నాయనతో చెప్పాల. చిన్నప్పటినుంచీ నాకు నోట్లోనుంచి మాట రావడమే కష్టం, నాయన ముందర ఇంకా కష్టం. మూడు రోజులు నాయన నా పక్కనే అరుగు మీద పడుకున్నాడు. మూడు రోజులూ ఆ మాట నా గొంతులోనే ఉండిపోయింది. కుండ ముందర నిలబడి బెండు నా చేతిలో పెట్టినాక ఇంక చెప్పేదేముంటాది?

అమ్మగారికి ఆ ఏడు మాఘ పౌర్ణమికి సముద్రస్నానం మొక్కు ఉండె. "మీ పల్లెపాలేనికే పోదాం. మీ నాయన్ని కూడా ఎక్కించుకో. నడిచి పోతాడా ఏంది ముసలాయన" అనింది. అయ్యగారు కుప్పనూర్పుళ్ళని రానన్నాడు. అమ్మగారి అక్క ఆదిశేషమ్మ గారు వస్తానని ఎక్కింది. ఆమెకి నోరెక్కువ.

తెల్లారతా ఉండగా బయలుదేరినాం. వెనక అక్కచెల్లెళ్ళిద్దరూ. ముందర నా పక్కన నాయన, మోకాళ్ళు దగ్గరకి ముడుచుకొని, పడవ వెనక చుక్కాని కాడ కూర్చున్నట్టు. నెల్లూరు వంతెన మీదికి వచ్చేటప్పటికి పెన్న మీద మంచు పరుచుకోనుండాది. నీళ్ళు కనపడలేదు. తెల్లటి దూది మీద పోతా ఉన్నట్టుండె. ముళ్ళన్నీ ఎవరి చోట వాళ్ళు కుదురుగా కూర్చున్నారు. వేడి ముల్లు బొట్టు చాటుకి పోయింది.

"ఏం పోలేరయ్యా, పడవ బాగుందా కారు బాగుందా?" అనింది ఆదిశేషమ్మ గారు.

"కారే బాగుండాదమ్మా. గాని కాళ్ళు యాడ పెట్టాలో తెలీలా."

"నేల మీద పెట్టుకో."

"నేల కదలతా ఉండాది గదమ్మా."

ఆమె పడి పడి నవ్వింది. నాయన నవ్వలేదు. ముళ్ళనే చూస్తా ఉండాడు. కాసేపటికి, "ఇదేందిరా?" అన్నాడు పెట్రోలు ముల్లుని చూపించి. చెప్పినా. "అదేంది?" చెప్పినా. "మరి ఇదేంది, కుంకుమ కింద ఏమీ లేదే?" చెప్పినా.

"కనపడకపోతే మంచిదా?" అన్నాడు.

"మంచిది."

"మా కాడ కనపడకపోతే మునిగిందని అర్థంరా" అన్నాడు నాయన.

వెంకటాచలం కాడ మద్రాసు రోడ్డు వదిలి తూర్పుకి తిరిగినాం. మట్టి రోడ్డు. రెండు పక్కలా మాగాణి అయిపోయి చవిటినేల మొదలయింది. కాలవ వంతెన దాటినాక ఒక తూము ఉండాది. దాని అంచు కోసుకుపోయుండాది, నేను చూసుకోలా. ముందు చక్రం దిగబడి ఎగిరింది. కింద ఎక్కడో ఠంగుమనింది. రాయి తగిలిందనుకున్నా. ఆదిశేషమ్మ గారు తల తడుముకొని, "ఒరే గంగాధరం, స్నానం చెయ్యకముందే పుణ్యలోకాలకి పంపిస్తావా" అనింది.

ఆ తరవాత రోడ్డు మెత్తటి ఇసక. ఎండ ఎక్కింది. గాలి వెనకనుంచి వీస్తా ఉండాది, మా దుమ్ము మాతోనే వస్తా ఉండాది. ఉప్పుమడులు తెల్లగా మెరుస్తా ఉండాయి. దూరంగా నీళ్ళు లేని చోట నీళ్ళు కనపడతాయి గదా, అట్టా మడుల మీద ఒక చెరువు ఊగతా ఉండాది. మేం పోయేకొద్దీ అది వెనక్కి పోతా ఉండాది. నాకు కళ్ళు మూతపడినట్టుండె, తెరిచే ఉన్నా గూడా.

అప్పుడు బొట్టు కుడిపక్కన ముల్లు కొన కనపడింది. తలుపు సందులో పిల్లి మీసం కనపడినట్టు.

ఆపాల. నాకు తెలుసు ఆపాలని. గాని ఆపితే ఇంజను చల్లారేదాకా ఉండాల, పొద్దు చూస్తే అప్పటికే బారెడు పైనే ఎక్కింది. నాలోపల ఇంకొకడు ఉండాడు. ఆలస్యమైతే కుండ ఎత్తేస్తారు, నువ్వు నోరు తెరవనక్కర లేదు అంటా ఉండాడు వాడు. వాడి మాట వినిపించేకొద్దీ నాకు సిగ్గేసి, ఇంకా గట్టిగా తొక్కినా.

"గంగాధరం! ముల్లు బయటికొచ్చిందే" అనింది అమ్మగారు వెనకనుంచి. ఆమెకీ ఆ బొట్టు లెక్క తెలుసు. చేతులు జోడించి కళ్ళు మూసుకునింది. నేను వేగం తగ్గించినా. ముల్లు ఒక చోట నిలబడి రవ్వంత వణికింది. వణికి, మెల్లగా వెనక్కి తిరిగింది. ఎవరో పిలిచినట్టు నెమ్మదిగా నడిచి, మళ్ళా బొట్టు చాటుకి పోయింది.

అమ్మగారు కళ్ళు తెరిచి చూసి, "తల్లీ" అనింది.

"చూసినావా, మా చెల్లెలి చేతి మహిమ!" అనింది ఆదిశేషమ్మ గారు.

నా గుండె కుదుటపడింది. కారు ఆపలా. అంత హాయి నాకు ఎప్పుడూ కలగలేదు, ఆ నిమిషంలో కలిగినంత. ముల్లు బొట్టు చాటున ఉండాది, ఎదర గాలిలో చెరువు ఊగతా ఉండాది, ఎక్కడో సముద్రం ఊపిరి తీస్తా ఉండాది.

"ఎందుకు దిగిందిరా?" అన్నాడు నాయన.

"చల్లబడింది నాయనా."

"ఎందుకు చల్లబడింది? గాలి వెనకే గదా ఉండాది. ఎండ తగ్గిందా ఏంది?"

నేను ముల్లు పక్కకి చూసినా. ముల్లు బొట్టు చాటున కూడా నిలవలేదు. ఎడంపక్కకి బయటికొచ్చింది. ఇంకా దిగింది. పొద్దున షెడ్డులో ఎక్కడ ఉంటాదో అక్కడికి పోతా ఉండాది, కారు ఇప్పుడే నిద్ర లేచినట్టు. కల మాదిరి ఉండె నాకు.

"నా కాళ్ళ కింద రేకు కాలతా ఉండాది" అన్నాడు నాయన. "ముల్లేమో చల్లగా ఉండాదంటాది. ఎవరు చెప్పేది నిజం?"

"వేడి ముల్లు అబద్ధం చెప్పదు నాయనా. హజరత్తయ్య చెప్పినాడు."

"అబద్ధమని నేననలా. ఏట్లో లోతు చూసే గుండు ఉండాది గదా. తాడు బిగువుగా ఉన్నంతసేపూ కింద నీళ్ళున్నట్టు. తాడు వదులయితే గుండు నేలకి తగిలిందని. వదులుగా ఉండాదిలే అని నువ్వు సుఖంగా కూర్చుంటే పడవ ఇసకెక్కతాది. ఆ ముల్లు వదులయిందిరా. దాని కింద నీళ్ళు లేవు."

ఆపినా.

ముందు రేకు ఎత్తితే ఆవిరి రాలేదు. ఉడికే చప్పుడు లేదు. అదే నాకు భయమేసింది. కాలిన పెయింటు వాసన మాత్రం గుప్పున కొట్టింది. పడుకొని కింద చూసినా. రేడియేటరు అడుగున నీళ్ళు వదలడానికి చిన్న ఇత్తడి కుళాయి ఉంటాది. అది లేదు. తూము కాడ ఠంగుమన్నది అదే. ఆ చోట చిటికెనవేలు పట్టే బెజ్జం. నీళ్ళన్నీ దారి పొడుగునా కారిపోయినాయి. నీళ్ళున్నంతసేపూ ముల్లు నీళ్ళ వేడి చెప్పింది. నీళ్ళు పోయినాక దానికి చెప్పడానికేం లేక పడుకునింది. నేను దాన్ని దేవత మహిమ అనుకున్నా.

ఇంకో మైలు పోయుంటే ఇంజను బిగుసుకుపోయేది. అయ్యగారి కారు పోయేది. కారు లేకపోతే డ్రైవరెందుకు? ఇంక నేను నోరు తెరిచి ఏం చెప్పినా చెప్పకపోయినా నాకు మిగిలేది ఆ ఏటి పాలే.

"ఎంతసేపు?" అన్నాడు నాయన.

"చల్లారేదాకా నీళ్ళు పొయ్యకూడదు. ఇంజను పగిలిపోతాది. రెండు చుట్టలు కాల్చినంతసేపన్నా పడతాది."

"పక్కనే ఏరుండాది. ఆ నీళ్ళు..."

"ఉప్పునీళ్ళు వద్దు నాయనా. లోపల సన్న గొట్టాలుంటాయి, తుప్పు తినేస్తాది. ఈ పూటకి నడుస్తాది గాని ఏడాదిలో చచ్చిపోతాది."

నాయన నా మొహంలోకి చూసినాడు. లేచి ఇసకదిబ్బ వెనక పక్కకి పోయినాడు. తీగ పచ్చగా అల్లుకున్న చోట మోకాళ్ళ మీద కూర్చొని రెండు చేతులతో ఇసక తోడినాడు. మూరెడు లోతు పోయినాక ఇసక తడిగా వచ్చింది. ఇంకా తోడినాడు. అడుగున నీళ్ళు ఊరినాయి. చెలమ. దోసిట్లో పట్టి నాకు తాగమని ఇచ్చినాడు. సముద్రం కనపడేంత దగ్గర. గాని తియ్యటి నీళ్ళు.

చెలమ నిండడానికి టైము పడతాది, ఇంజను చల్లారడానికీ పడతాది. ఎవరూ తొందర పెట్టడానికి లేదు. అమ్మగారు సరుగుడు చెట్టు నీడన చాప పరుచుకొని ఒరిగింది, అక్కగారు తలకింద చెయ్యి పెట్టుకొని నిద్రపోయింది. ఇంజను చల్లారతా ఠిక్కు ఠిక్కుమని చప్పుడు చేస్తా ఉండాది. మొదట దగ్గర దగ్గరగా, తరవాత ఆగి ఆగి. ఏటి అవతల గట్టున ఎర్రకాళ్ళ కొంగలు నిలబడి ఉండాయి. గాలికి వేడి లేస్తా ఉంటే వాటి కాళ్ళు ఊగి ఊగి కరిగిపోతా ఉండాయి, పైన ఒళ్ళు మాత్రం అట్టే తేలతా ఉండాది.

సరుగుడు పుల్ల విరిచి, గుడ్డపేలిక చుట్టి, బెజ్జంలో పెట్టి చూసినా. వదులుగా ఊగింది, నీళ్ళు పోస్తే పక్కనుంచి కారిపోతాయి. గట్టిగా కొడితే పుల్ల చీలింది. ఇంకో పుల్ల చెక్కినా, అదీ చీలింది. అవి గట్టి పుల్లలు, నీళ్ళకి ఉబ్బే రకం కాదు. నాయన చుట్ట కాలుస్తా చూస్తా ఉండాడు.

"ఆ ముళ్ళన్నీ ఎట్టా పని చేస్తాయిరా?" అన్నాడు ఉన్నట్టుండి.

చెప్పడం మొదలుపెట్టినా. పొద్దున షెడ్డులో ఎట్టా లేస్తాయో చెప్పినా. కరెంటు ముల్లు హారనుకి ఉలిక్కిపడేది, దీపాలేస్తే ముఖం చిన్నబుచ్చుకునేది చెప్పినా. పెట్రోలు ముల్లు మలుపు తిరిగితే గిన్నెలో మజ్జిగ మాదిరి అటూ ఇటూ పోతాదని, గతుకుల రోడ్డులో దాన్ని చూడకూడదని, ఆగినాక పది లెక్కపెట్టి చూడాలని చెప్పినా. ఆయిలు ముల్లు కారు ఆగి ఇంజను ఉత్తగా పలికేటప్పుడు కిందికి వాలితే భయపడొద్దని, పరిగెత్తేటప్పుడు వాలితేనే భయపడాలని చెప్పినా. అయ్యగారి పాడిబర్రె సంగతి చెప్పినా. వేడి ముల్లు గురించి ఇవాళ తెలిసింది కూడా చెప్పినా. చెప్తా చెప్తా ఇసకలో నాలుగు అద్దాలూ గీసినా.

నాయన చుట్ట ఆరిపోయింది. వెలిగించుకోలా.

"ఇంత మాట్లాడతావా నువ్వు?" అన్నాడు.

నాకు సిగ్గేసింది. ఇప్పుడే చెప్పాల, పాలు వద్దని ఇప్పుడే చెప్పాల అనుకున్నా. ఇసకలో గీసిన అద్దాలనే మళ్ళా వేలితో దిద్దినా. పొద్దు నడినెత్తికి ఇంక ఎంతో లేదు.

నాయన మొలలో చెయ్యి పెట్టి బెండు తీసినాడు. నా బెండు. మూడు గాట్లు, ఒక గుంట. కాసేపు అరచేతిలో దొర్లించినాడు. వలలు కోసే కత్తి తీసి, ఒక కొనని సన్నంగా చెక్కినాడు. గాట్లు ఒక్కొక్కటే ఊడి ఇసకలో పడినాయి.

"నాయనా" అన్నా.

"మెత్తచెక్క. నీళ్ళు తాగితే ఉబ్బతాది. పడవ అతుకులకి ఇదే గదా మేం కొట్టేది" అన్నాడు.

"కుండలో వెయ్యాల గదా."

"వేసి?" అన్నాడు. అంతే. చెలమలో బెండు ముంచి పట్టుకున్నాడు, చంటిబిడ్డకి నీళ్ళు పోసేటప్పుడు పట్టుకున్నట్టు.

ఇంజను మీద చెయ్యి పెడితే ఓర్చుకునేంత అయింది. నేను కారు కింద పడుకున్నా. నాయన బెండు అందించినాడు. బెజ్జంలో పెట్టి రాయితో తట్టినా. పుల్లల మాదిరి చీలలేదు, అట్టే కూర్చునింది. అమ్మగారు సముద్రంలో ముంచడానికని తెచ్చుకున్న ఇత్తడి చెంబు ఇచ్చింది. నాయన చెలమలో ముంచి ఇస్తా ఉంటే నేను పోసినా. మొదట చుక్క చుక్క కారింది. కాసేపటికి చెక్క ఉబ్బి ఆ చుక్క కూడా ఆగింది.

తాళం తిప్పినా. పెట్రోలు ముల్లు ఒళ్ళు విరుచుకునింది. కరెంటు ముల్లు వాలి నిలబడింది. స్టార్టు చేసినా. ఇంజను ఒకసారి దగ్గి పలికింది. ఆయిలు ముల్లు లేచింది. నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చినాయి, ఇసక పడిందని తుడుచుకున్నా.

అమ్మగారు కిటికీ కాడ నిలబడి ఆ బొట్టునే చూస్తా ఉండాది. "ఒరే గంగాధరం, దీన్ని చెరపాల్సిందేనా?" అనింది. ఆమెకి అయ్యగారి జ్వరం గుర్తొచ్చినట్టుండాది.

నాయన చెప్పినాడు.

"చెరపబాక తల్లీ. ఎడంపక్కన ఒకటి పెట్టు, కుడిపక్కన ఒకటి పెట్టు. చిన్నవి. ఏట్లో పాలుకి గెడలు నాటినట్టు. ముల్లు ఆ రెండింటి నడిమి తిరగతా ఉండాల, ఏ పక్క దాటినా ఆపాల. నడిమిదాని మీద మళ్ళా పెట్టబాక. దానంతట అదే ఎండి రాలిపోతాది."

"ఈయన్ని నువ్వు పడవలో ఎందుకు పెట్టుకున్నావురా ఇన్నాళ్ళూ" అనింది ఆదిశేషమ్మ గారు నాతో.

అమ్మగారు భరిణె తీసి, ఉంగరం వేలితో రెండు బొట్లు పెట్టింది. బొట్లు గుండ్రంగా వచ్చినాయి.

పల్లెపాలెం చేరేటప్పటికి కుండ ఇంకా ఎత్తలేదు. ఒడ్డున ఇసకలో మగవాళ్ళందరూ వరసగా కూర్చోనుండారు. నాయన పోయి తన బెండు వేసినాడు. నేను కొంచెం ఎడంగా నిలబడినా. ఊరిపెద్ద కామాక్షయ్య మామ నన్ను చూసినాడు.

"ఏం పోలేరయ్యా, పిల్లోడి బెండేది?"

నాయన ఏటిపక్కకి చూసినాడు. తరవాత రోడ్డు మీద నిలబడిన నల్ల కారు పక్కకి చూసినాడు.

"వాడి బెండు నీళ్ళల్లోనే ఉండాది బావా" అన్నాడు. "వాడి పాలు ఊరికి వదిలేస్తా ఉండా."

గాలి ఒకటే వీస్తా ఉండాది. కామాక్షయ్య మామ నాపక్కకి చూసి, "నీకిష్టమేనారా?" అన్నాడు.

"ఇష్టమే మామా" అన్నా. అంతే. ఇంత చిన్న మాట మూడు రోజులు గొంతులో ఎట్టా పట్టిందో నాకు తెలియదు.

నాగులమ్మవ్వ కళ్ళు మూసుకొని కుండలో చెయ్యి పెట్టింది. నాయనకి ఆ ఏడు బురదపక్క పాలు వచ్చింది. "పోనీలే, అక్కడ పీతలన్నా ఉంటాయి" అన్నాడు. అమ్మగారు, అక్కగారు చీరకొంగులు పట్టుకొని అలల్లో మూడు మునకలు వేసినారు.

సాయంత్రం నాయన కారు దాకా వచ్చినాడు. వంగి లోపలికి చూసినాడు. తాళం తిప్పమన్నాడు, తిప్పినా. ముళ్ళు లేచేది చూసినాడు. స్టార్టు చేసి కాసేపు కాగనిచ్చినాక వేడి ముల్లు రెండు బొట్ల నడిమికి వచ్చి నిలబడింది.

"పోయిరా" అన్నాడు.

నడిమి బొట్టు ఉగాదికి రాలిపోయింది. అయ్యగారికి జ్వరం రాలేదు. ఆ ఎండాకాలం నెల్లూరులో కారు పనికిచ్చినప్పుడు మేస్త్రీ కింద దూరి చూసి, "ఇదేందయ్యా కర్రముక్క కొట్టినారు? ఇత్తడి కుళాయి వేస్తా, అరగంట పని" అన్నాడు.

"వద్దు, ఉండనీ" అన్నా.

"కారతాదయ్యా."

"కారదు. నీళ్ళల్లో ఉండాది గదా" అన్నా.